పాత కేస్‌షీట్లలో దొరికిన కొత్త దారి
రేడియేషన్ చికిత్సను మలుపు తిప్పిన డాక్టర్ వీరా పీటర్స్ పరిశోధన

రొమ్ములో చిన్న గడ్డ బయటపడినా సరే, రొమ్ము మొత్తాన్నీ దాని కింది కండరాలతో సహా తొలగించడం ఒక్కటే మార్గమని వైద్యలోకం సుమారు 80 ఏళ్లపాటు విశ్వసించింది. మెడలో బిళ్లలు కట్టి, జ్వరంతో చిక్కి శల్యమయ్యే హాడ్జికిన్ వ్యాధి సోకిన యువకులకు మరణం తప్పదని కూడా అదే వైద్యలోకం నమ్మింది. ఈ రెండు నమ్మకాలనూ ప్రశ్నించి, రెండింటికీ లెక్కలతో సమాధానం చెప్పిన వైద్యురాలు కెనడా దేశస్థురాలైన డాక్టర్ మిల్‌డ్రెడ్ వీరా పీటర్స్. ఆమె కొత్త యంత్రాన్ని కనిపెట్టలేదు. కొత్త మందును తయారు చేయలేదు. తాను పనిచేసిన ఆసుపత్రిలో ఏళ్ల తరబడి పేరుకుపోయిన కేస్‌షీట్లను ఓపికగా చదివి, ఎవరు ఎంతకాలం జీవించారో, ఎందుకు జీవించారో తేల్చారు. ఆ అధ్యయనాల ఆధారంగా వెలువడిన కొద్దిపాటి వ్యాసాలు ప్రపంచవ్యాప్తంగా రెండు రకాల కేన్సర్లకు చికిత్స తీరును మార్చడంలో కీలకపాత్ర వహించాయి. వాటి నేపథ్యం, సారాంశం, తదుపరి పరిశోధనలపై వాటి ప్రభావం ఈ కథనంలో...

తల్లి వ్యాధితో మొదలైన ప్రయాణం

వీరా పీటర్స్ 1911లో టొరంటో నగరానికి సమీపంలోని ఒక వ్యవసాయ కుటుంబంలో జన్మించారు. ఆ కాలంలో వైద్యవిద్యలో చేరే స్త్రీలు బహు స్వల్పం. అయినా ఆమె టొరంటో విశ్వవిద్యాలయంలో చేరి 1934లో వైద్యపట్టా పొందారు. ఆ రోజుల్లోనే ఆమె తల్లికి రొమ్ము కేన్సర్ సోకింది. టొరంటో జనరల్ ఆసుపత్రిలో డాక్టర్ గార్డన్ రిచర్డ్స్ ఆమెకు రేడియంతో చికిత్స చేశారు. కెనడాలో రేడియేషన్ వైద్యానికి పునాదులు వేసిన తొలితరం వైద్యుల్లో రిచర్డ్స్ ఒకరు.

రేడియేషన్ చికిత్సలో ప్రత్యేక శిక్షణ ఇచ్చే కోర్సులు అప్పటికి లేవు. దీంతో పీటర్స్ రిచర్డ్స్ వద్దే శిష్యరికం చేసి పని నేర్చుకున్నారు. రోగిని స్వయంగా పరీక్షించడం, ప్రతి విడత చికిత్స వివరాలను తప్పనిసరిగా నమోదు చేయడం, చికిత్స ముగిసిన తర్వాత కూడా రోగిని ఏళ్ల తరబడి పర్యవేక్షించడం ఆమెకు అక్కడే అలవడ్డాయి. 1937లో కెన్ లాబ్‌ను వివాహమాడిన ఆమె ఇద్దరు కుమార్తెలను పెంచుతూనే ఆసుపత్రి విధులు, పరిశోధన కొనసాగించారు. 1958లో టొరంటోలో ప్రిన్సెస్ మార్గరెట్ కేన్సర్ ఆసుపత్రి ప్రారంభం కాగా అక్కడికి మారి, 1976లో పదవీ విరమణ చేసేవరకూ అక్కడే పనిచేశారు.

హాడ్జికిన్ వ్యాధి అంటే?

శరీరంలో మెడ, చంకలు, గజ్జలు, ఛాతీ, పొట్ట భాగాల్లో లింఫు గ్రంథులు ఉంటాయి. రోగక్రిములను అడ్డుకోవడం వీటి పని. ఈ గ్రంథుల్లో పుట్టే కేన్సర్లలో ఒకదానిని 1832లో లండన్ వైద్యుడు థామస్ హాడ్జికిన్ తొలిసారి వర్ణించారు. ఆయన పేరే ఆ వ్యాధికి స్థిరపడింది. నొప్పి లేకుండా గ్రంథులు ఉబ్బడం, విడవని జ్వరం, రాత్రిళ్లు ఒళ్లంతా చెమటలు పట్టడం, బరువు తగ్గడం, దురద దీని లక్షణాలు. యుక్తవయస్కుల్లో ఎక్కువగా కనిపించడం ఈ వ్యాధిలోని విషాదం.

20వ శతాబ్దం తొలి దశకాల్లోనే ఈ గడ్డలు ఎక్స్‌రే కిరణాలకు కరుగుతాయని వైద్యులు గమనించారు. అయితే కొన్నాళ్లకు మరోచోట మళ్లీ గడ్డలు లేచేవి. దీంతో కిరణ చికిత్స తాత్కాలిక ఉపశమనానికే తప్ప వ్యాధిని నయం చేయడానికి కాదన్న అభిప్రాయం బలపడింది. నయంకాని రోగానికి ఎక్కువ కిరణాలు ఇచ్చి రోగిని బాధపెట్టడం ఎందుకని చాలామంది వైద్యులు తక్కువ మోతాదుతో సరిపెట్టేవారు. తక్కువ మోతాదు వల్ల వ్యాధి తిరగబెట్టేది. అది తిరగబెట్టడమే వ్యాధి నయం కాదనడానికి సాక్ష్యంగా నిలిచేది.

స్విట్జర్లాండ్‌లోని జెనీవాకు చెందిన డాక్టర్ రెనే గిల్బర్ట్ ఈ వలయం నుంచి బయటపడే మార్గాన్ని చూపారు. కంటికి కనిపించే గడ్డలకే కాక, వాటి పక్కనున్న, పైకి ఆరోగ్యంగా కనిపించే గ్రంథులకూ కిరణాలు ఇవ్వాలని ఆయన ప్రతిపాదించారు. టొరంటోలో రిచర్డ్స్ ఇదే తీరును అనుసరిస్తూ, ఆ కాలానికి శక్తిమంతమైన ఎక్స్‌రే యంత్రాలతో తగిన మోతాదు ఇస్తూ వచ్చారు. అయితే దానివల్ల ఫలితం ఎంత అన్నది ఎవరూ లెక్కగట్టలేదు. తన రోగుల్లో కొందరు ఊహించిన దానికన్నా ఎక్కువ కాలం జీవిస్తున్నారని గమనించిన రిచర్డ్స్, ఆ లెక్క తేల్చే పనిని పీటర్స్‌కు అప్పగించారు. 1949లో రిచర్డ్స్ మరణించారు. అధ్యయనం వెలుగు చూసేనాటికి ఆయన లేరు.

1950 నాటి వ్యాసం ఏం చెప్పింది?

1950లో అమెరికాకు చెందిన రేడియాలజీ పత్రిక ‘అమెరికన్ జర్నల్ ఆఫ్ రోంట్‌జెనాలజీ’లో పీటర్స్ వ్యాసం వెలువడింది. ఎక్స్‌రే చికిత్స పొందిన హాడ్జికిన్ రోగుల మనుగడను పరిశీలించిన అధ్యయనమిది. 1924 నుంచి 1942 వరకు చికిత్స పొందిన 113 మంది వివరాలను ఆమె విశ్లేషించారు. వారిలో ఐదేళ్ల తర్వాత 51 శాతం మంది, పదేళ్ల తర్వాత 35 శాతం మంది జీవించి ఉన్నారు. నయం కాదని తీర్మానించిన వ్యాధిలో ఇది ఊహకందని ఫలితం.

అంతకన్నా ముఖ్యమైనది ఆమె చేసిన విభజన. రోగులందరినీ ఒకే గాటన కట్టకుండా వ్యాధి విస్తరణను బట్టి మూడు దశలుగా విడదీశారు. ఒకే ప్రాంతంలోని గ్రంథులకు పరిమితమైతే మొదటి దశ. శరీరం పైభాగంలోగానీ, కింది భాగంలోగానీ రెండు లేక అంతకన్నా ఎక్కువ ప్రాంతాలకు పాకితే రెండో దశ. పైభాగం, కింది భాగం రెండింటికీ వ్యాపిస్తే మూడో దశ. ఇలా విడదీసి చూసినప్పుడు మొదటి దశ రోగుల్లో ఐదేళ్ల తర్వాత 88 శాతం, పదేళ్ల తర్వాత 79 శాతం మంది సజీవంగా ఉన్నట్లు తేలింది. మూడో దశలో మాత్రం ఫలితాలు నిరాశాజనకంగానే ఉన్నాయి.

ఈ అంకెల అర్థం ఏమిటి? మొదటి దశ రోగుల్లో ఐదేళ్లు దాటినవారిలో అత్యధికులు పదేళ్లూ దాటారు. అంటే వ్యాధి కేవలం వాయిదా పడలేదు, చాలామందిలో పోయింది. అన్ని దశలనూ కలిపి సగటు తీసినంత కాలం ఈ సత్యం అంకెల మరుగున పడి ఉంది. దశలవారీగా విడదీయగానే బయటపడింది. తగిన మోతాదులో, పక్క గ్రంథులను కూడా కలుపుకొని కిరణాలు ఇస్తే తొలి దశలో వ్యాధి నయమవుతుందన్నది ఆ వ్యాసం సారాంశం. అనంతరం కె.సి.హెచ్.మిడిల్‌మిస్‌తో కలిసి ఆమె రాసిన మరో వ్యాసం 1958లో అదే పత్రికలో వచ్చింది. అది తొలి ఫలితాలను బలపరిచింది.

ఒక వ్యాసం వెంట మరెన్నో...

పీటర్స్ వ్యాసాన్ని వైద్యలోకం వెంటనే స్వీకరించలేదు. ఆ తర్వాత కూడా చాలాకాలం పాఠ్యగ్రంథాలు పాత మాటే చెప్పాయి. అయితే ఆ అంకెలను సీరియస్‌గా తీసుకున్నవారు కొందరున్నారు. వారిలో ప్రముఖుడు అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన డాక్టర్ హెన్రీ కాప్లన్. భౌతిక శాస్త్రవేత్తల సహకారంతో అక్కడ నెలకొల్పిన లీనియర్ యాక్సిలరేటర్ యంత్రంతో 1956లో చికిత్సలు ఆరంభించిన ఆయన, చర్మానికి తక్కువ హాని కలిగిస్తూ లోపలి గ్రంథులకు ఎక్కువ మోతాదు అందించగలిగారు. ఒకే ప్రాంతానికి పరిమితమైన హాడ్జికిన్ వ్యాధికి నయం చేసే ఉద్దేశంతోనే కిరణాలు ఇవ్వాలంటూ 1962లో ఆయన వ్యాసం ప్రచురించారు. ఆ మరుసటి ఏడాది, 1963లో, ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ వైద్యులు ఈసన్, రస్సెల్ తమ రోగుల దీర్ఘకాల వివరాలతో వ్యాసం రాస్తూ శీర్షికలోనే ‘నయం’ అన్న మాటను వాడారు. 13 ఏళ్ల క్రితం టొరంటో నుంచి వచ్చిన మాట అలా మూడు దేశాల నుంచి వినిపించింది.

దశల విభజనదీ అదే తీరు. పీటర్స్ మూడు దశల పద్ధతిని ఇతరులు సవరిస్తూ, విస్తరిస్తూ వచ్చారు. 1965లో న్యూయార్క్ రాష్ట్రంలోని రై పట్టణంలో జరిగిన అంతర్జాతీయ సమావేశంలో, 1971లో మిషిగన్ రాష్ట్రంలోని యాన్ ఆర్బర్‌లో జరిగిన సమావేశంలో దశల వర్గీకరణకు మెరుగులు దిద్దారు. యాన్ ఆర్బర్ పేరుతో ప్రసిద్ధమైన నాలుగు దశల పద్ధతిని 2014లో లుగానో వర్గీకరణ పేరిట నవీకరించారు. నేడు ఏ కేన్సర్ ఆసుపత్రిలోనైనా వైద్యుడు రోగి కేస్‌షీటుపై ‘రెండో దశ’ అని రాసినప్పుడు, వ్యాధి వ్యాప్తిని బట్టి చికిత్స నిర్ణయించాలన్న సూత్రమే అందులో పనిచేస్తోంది. హాడ్జికిన్ వ్యాధి విషయంలో ఆ సూత్రానికి అంకెల బలం చేకూర్చిన తొలి వ్యాసాల్లో పీటర్స్ వ్యాసం ఒకటి.

రొమ్ము కేన్సర్: కత్తికి ప్రశ్న

అమెరికా శస్త్రవైద్యుడు విలియం హాల్‌స్టెడ్ 19వ శతాబ్దం చివరలో ప్రవేశపెట్టిన భారీ శస్త్రచికిత్స రొమ్ము కేన్సర్‌కు ప్రామాణిక వైద్యంగా స్థిరపడింది. రొమ్మును, ఛాతీ కండరాలను, చంకలోని గ్రంథులను కలిపి తొలగించడం అందులోని పద్ధతి. ప్రాణం దక్కినా ఛాతీ గుంటపడేది. చేయి వాచిపోయేది. మునుపటిలా చేయి ఎత్తి పని చేసుకోవడం కష్టమయ్యేది. కేన్సర్ క్రమపద్ధతిలో పక్కకు పాకుతుందని, కాబట్టి ఎంత ఎక్కువ కోస్తే అంత మేలని నాటి సిద్ధాంతం. లండన్‌లో డాక్టర్ జెఫ్రీ కీన్స్ 1920, 1930 దశకాల్లో రేడియం సూదులతో రొమ్మును కాపాడే చికిత్స చేసి ఫలితాలు ప్రచురించినా, శస్త్రవైద్యుల్లో అధికులు పట్టించుకోలేదు.

టొరంటోలో పీటర్స్ వద్దకు వచ్చిన రోగుల్లో కొందరు స్త్రీలకు రొమ్ము మొత్తాన్ని తీయకుండా గడ్డను మాత్రమే తొలగించారు. ఆ తర్వాత వారికి రేడియేషన్ ఇచ్చారు. సిద్ధాంతం ప్రకారం వీరిలో మరణాలు ఎక్కువగా ఉండాలి. అలా జరగడం లేదని పీటర్స్ గమనించారు. మళ్లీ పాత కేస్‌షీట్ల కట్టలు విప్పారు.

1967లో అమెరికా వైద్య సంఘం పత్రికలో ఆమె చిన్న వ్యాసం వచ్చింది. గడ్డను, దాని చుట్టూ కొద్దిపాటి భాగాన్ని తీసి రేడియేషన్ ఇవ్వడం తొలిదశ రొమ్ము కేన్సర్‌కు సమర్థమైన చికిత్స అని అందులో పేర్కొన్నారు. విమర్శకులు ఊరుకోలేదు. మంచి స్థితిలో ఉన్న రోగులనే ఎంచుకున్నారని, అందువల్లే ఫలితాలు బాగున్నాయని అన్నారు. ఆ విమర్శకు సమాధానంగా ఆమె మరింత కట్టుదిట్టమైన పద్ధతిని అనుసరించారు. గడ్డ మాత్రమే తీయించుకున్న ప్రతి స్త్రీకీ వయసులో, గడ్డ పరిమాణంలో, చికిత్స జరిగిన సంవత్సరంలో సరిపోలే స్త్రీలను, అంటే రొమ్ము మొత్తం తీయించుకున్న వారిని, రికార్డుల నుంచి ఏరి పక్కపక్కన పెట్టి పోల్చారు. ప్రాణాల విషయంలో రెండు పక్షాలకూ తేడా కనిపించలేదు.

ఈ ఫలితాలను ఆమె 1975లో కెనడా వైద్యుల, శస్త్రవైద్యుల రాయల్ కాలేజీ పత్రికలో ప్రకటించారు. వ్యాసం శీర్షికలో ‘గోర్డియన్ ముడి’ ప్రస్తావన ఉంది. ఎవరికీ విప్పనలవిగాని ముడిని అలెగ్జాండర్ చక్రవర్తి కత్తితో తెగనరికాడన్న గ్రీకు గాథ అది. కత్తిని తగ్గించమని చెప్పే వ్యాసానికి ఆ పేరు పెట్టడంలోని చమత్కారం శస్త్రవైద్యులకు రుచించి ఉండకపోవచ్చు. 1977లో రేడియేషన్ వైద్యుల అంతర్జాతీయ పత్రికలో ఇదే అంశంపై మరో వ్యాసం వెలువడింది. స్త్రీలకు తమ వ్యాధి గురించి పూర్తిగా చెప్పి, చికిత్స ఎంపికలో వారి మాటకు చోటివ్వాలన్నది కూడా ఆమె వైఖరి. వైద్యుడి మాటే వేదవాక్కుగా సాగిన రోజుల్లో ఇది కొత్త ధోరణి.

ప్రయోగాల తీర్పు

పాత రికార్డుల అధ్యయనానికి ఒక పరిమితి ఉంది. ఎంత జాగ్రత్తగా పోల్చినా, ఏ రోగికి ఏ చికిత్స ఇవ్వాలన్నది ముందే వైద్యుడో రోగో నిర్ణయించి ఉంటారు. ఆ నిర్ణయంలోని కారణాలు ఫలితాన్ని ప్రభావితం చేయవచ్చు. దీనికి విరుగుడు లాటరీ తరహాలో రోగులను విభజించి చికిత్సలను పోల్చే ప్రయోగం. పీటర్స్, ఇతరుల వ్యాసాలు లేవనెత్తిన ప్రశ్నకు అలాంటి ప్రయోగాలే తుది సమాధానం ఇచ్చాయి.

ఇటలీలోని మిలాన్‌లో డాక్టర్ ఉంబెర్టో వెరొనేసి 1973లో ప్రారంభించిన ప్రయోగంలో 701 మంది స్త్రీలు పాల్గొన్నారు. సగం మందికి భారీ శస్త్రచికిత్స చేశారు. మిగతావారికి రొమ్ములో నాలుగో వంతు భాగం తీసి రేడియేషన్ ఇచ్చారు. అమెరికాలో డాక్టర్ బెర్నార్డ్ ఫిషర్ నాయకత్వంలో 1976లో మొదలైన ప్రయోగంలో స్త్రీలను మూడు జట్లుగా విభజించారు. ఒక జట్టుకు రొమ్ము మొత్తం తీశారు, మరో జట్టుకు గడ్డ మాత్రమే తీశారు, మూడో జట్టుకు గడ్డ తీసి రేడియేషన్ ఇచ్చారు. రెండు ప్రయోగాల 20 ఏళ్ల ఫలితాలూ 2002లో వెలువడ్డాయి. రొమ్మును కాపాడినా, తొలగించినా ప్రాణాల విషయంలో తేడా లేదని రెండూ తేల్చాయి.

ఫిషర్ ప్రయోగం మరో సత్యాన్నీ వెల్లడించింది. గడ్డ తీసి రేడియేషన్ ఇవ్వని వారిలో 39.2 శాతం మందికి అదే రొమ్ములో వ్యాధి తిరగబెట్టింది. రేడియేషన్ పొందిన వారిలో అది 14.3 శాతమే. మాంట్రియల్‌లోని ఒక పరిశోధకుడు కొందరు రోగుల వివరాలను తప్పుగా నమోదు చేసినట్లు 1990 దశకంలో బయటపడి పెద్ద దుమారం రేగింది. ఆ రోగులను మినహాయించి తిరిగి లెక్కించినా ఫలితం మారలేదు. ఈలోగా 1990లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు నిర్వహించిన నిపుణుల సమావేశం, తొలిదశ రొమ్ము కేన్సర్ ఉన్న అధికశాతం స్త్రీలకు రొమ్మును కాపాడే చికిత్సే మేలని ప్రకటించింది.

2011లో ‘లాన్సెట్’ పత్రికలో వచ్చిన సమీక్ష 17 ప్రయోగాల్లోని 10,801 మంది స్త్రీల వివరాలను క్రోడీకరించింది. గడ్డ తొలగించిన తర్వాత రేడియేషన్ ఇస్తే పదేళ్లలో వ్యాధి తిరగబెట్టే అవకాశం 35 శాతం నుంచి 19.3 శాతానికి తగ్గిందని, 15 ఏళ్లలో రొమ్ము కేన్సర్ మరణాలు 25.2 శాతం నుంచి 21.4 శాతానికి తగ్గాయని అందులో తేలింది. రేడియేషన్ రొమ్మును కాపాడటమే కాదు, కొన్ని ప్రాణాలనూ కాపాడుతుందన్నమాట.

నాణేనికి రెండో వైపు

హాడ్జికిన్ వ్యాధిలో సాధించిన విజయానికి మూల్యం కూడా చెల్లించాల్సి వచ్చింది. మెడ నుంచి ఛాతీ మీదుగా విస్తారమైన భాగానికి ఎక్కువ మోతాదు కిరణాలు ఇచ్చిన ఫలితంగా, వ్యాధి నుంచి బయటపడిన వారిలో కొందరికి పదేళ్లు, ఇరవయ్యేళ్ల తర్వాత గుండె జబ్బులు, కొత్త కేన్సర్లు వచ్చాయి. చిన్న వయసులో ఛాతీకి కిరణాలు పొందిన బాలికలు, యువతులకు తర్వాతి కాలంలో రొమ్ము కేన్సర్ ముప్పు ఎక్కువని రుజువైంది. రోగులు దీర్ఘకాలం జీవించడం వల్లనే ఈ దుష్ఫలితాలు వెలుగుచూశాయి.

ఆ అనుభవంతో చికిత్స మళ్లీ మారింది. 1970లో అమెరికా వైద్యుడు విన్సెంట్ డివీటా బృందం నాలుగు మందుల కలయికతో ముదిరిన దశ రోగులనూ నయం చేయవచ్చని చూపింది. నేడు మందులకు తోడుగా, వ్యాధి సోకిన చోటుకే పరిమితం చేస్తూ, తక్కువ మోతాదులో కిరణాలు ఇస్తున్నారు. తొలిదశలో, ముప్పు తక్కువగా ఉన్న రోగులకు రెండు విడతల మందులు, 20 గ్రేల రేడియేషన్ సరిపోతాయని జర్మనీ వైద్యుల ప్రయోగం 2010లో నిరూపించింది. పీటర్స్ నాటి విస్తారమైన కిరణ చికిత్స అలా కనుమరుగైంది. వ్యాధి ఎంతవరకు వ్యాపించిందో ముందు తెలుసుకో, ఆ తర్వాత చికిత్స నిర్ణయించు అన్న ఆమె పద్ధతి మాత్రం నిలిచింది.

పరిశోధన విలువకు కొలమానం

ఒక శాస్త్రీయ వ్యాసం విలువను అంచనా వేయడానికి ఇతరులు దానిని ఎన్నిసార్లు ఉటంకించారన్నది లెక్కిస్తారు. ఆ లెక్క అన్నివేళలా న్యాయం చేయదు. ఒక భావన అందరికీ ఉమ్మడి ఆస్తిగా మారిన తర్వాత దాని మూలాన్ని ఎవరూ ప్రస్తావించరు. హాడ్జికిన్ వ్యాధి చికిత్సలో పేరు ఎక్కువగా కాప్లన్‌కు, రొమ్మును కాపాడే చికిత్సలో ఫిషర్‌కు, వెరొనేసికి దక్కింది. వారి కృషి తక్కువది కాదు. అయితే నయం కాదన్న చోట నయమవుతుందని, కోయక తప్పదన్న చోట తప్పుతుందని అంకెలతో చెప్పిన తొలితరం వ్యాసాలే అలాంటి ప్రయోగాలకు ధైర్యాన్నిచ్చాయి.

ఆలస్యంగానైనా పీటర్స్‌కు గుర్తింపు లభించింది. కెనడా ప్రభుత్వం ‘ఆర్డర్ ఆఫ్ కెనడా’ పురస్కారంతో గౌరవించింది. అమెరికా రేడియేషన్ వైద్య నిపుణుల సంఘం 1979లో స్వర్ణ పతకం అందజేసింది. 1993లో ఆమె కన్నుమూశారు. 2010లో కెనడా వైద్య ప్రముఖుల జాబితాలో ఆమె పేరు చేర్చారు. ఆమె పనిచేసిన ఒంటారియో రాష్ట్రంలోనే ఆ తర్వాతి తరం వైద్యులు పరిశోధన కొనసాగించారు. గడ్డ తొలగించిన 837 మంది స్త్రీలలో రేడియేషన్ ప్రయోజనాన్ని వారు 1992లో నిరూపించారు. 25 విడతల రేడియేషన్‌కు బదులు 16 విడతలు సరిపోతాయని కెనడా వైద్యుల మరో ప్రయోగం 2010లో తేల్చింది. బ్రిటన్‌లో 2020లో ప్రచురితమైన ప్రయోగంలో ఐదు విడతల చికిత్స సైతం ఐదేళ్ల వరకు సమాన ఫలితాలనిచ్చింది.

మన పాఠకులకు...

విడతలు తగ్గడం చిన్న విషయం కాదు. మన పల్లెల్లో ‘కరెంటు పెట్టడం’గా వ్యవహరించే రేడియేషన్ కోసం హైదరాబాద్, విశాఖపట్నం వంటి నగరాలకు వెళ్లి, వారాల తరబడి గది అద్దెకు తీసుకుని, కూలి పనులు మానుకుని ఉండాల్సి వచ్చే కుటుంబాలకు ప్రతి రోజూ లెక్కే. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ కేన్సర్ చికిత్సలకూ వర్తించింది. ప్రస్తుతం రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వ ఆరోగ్య పథకాలు రేడియేషన్‌ను పరిధిలో చేర్చాయి. అయినా రాకపోకలు, బస, కోల్పోయే కూలి భారం కుటుంబంపైనే పడుతుంది.

పీటర్స్ పరిశోధన నుంచి మన రోగులు, వారి బంధువులు గ్రహించదగినవి కొన్ని ఉన్నాయి. మెడలోనో, చంకలోనో నొప్పి లేని బిళ్లలు కట్టి వారాలు గడిచినా తగ్గకపోతే ముక్క తీసి పరీక్ష చేయించాలి. మన ప్రాంతంలో క్షయ ఎక్కువ కావడంతో ఇలాంటి గడ్డలను క్షయగా భావించి కాలయాపన జరిగే ప్రమాదం ఉంది. రొమ్ములో గడ్డ కేన్సర్ అని తేలితే, రొమ్మును కాపాడే అవకాశం ఉందా అని వైద్యుడిని అడగడానికి సంకోచించనక్కరలేదు. గడ్డ పెద్దదైనా, ఒకే రొమ్ములో పలుచోట్ల కేన్సర్ ఉన్నా, ఛాతీకి గతంలో రేడియేషన్ ఇచ్చి ఉన్నా రొమ్మును తొలగించడమే సురక్షితం కావచ్చు. అది వైద్యుడితో కలిసి తీసుకోవాల్సిన నిర్ణయం. గడ్డ మాత్రమే తీయించుకున్నవారు మాత్రం వైద్యులు సూచించిన రేడియేషన్‌ను మధ్యలో మానరాదు. ‘గడ్డ తీసేశారు కదా, ఇంకా కరెంటు ఎందుకు’ అని ఇంటికి వచ్చేయడం ఎంత ప్రమాదమో పై అంకెలే చెబుతున్నాయి.

చివరిగా మరొకటి. చికిత్స ముగిశాక ఏళ్ల తరబడి ఆసుపత్రికి తిరిగి వచ్చి చూపించుకున్న రోగులు, వారి వివరాలను శ్రద్ధగా రాసిపెట్టిన సిబ్బంది లేకపోతే పీటర్స్ వ్యాసాలు ఉండేవి కావు. 113 మంది ఎంతకాలం జీవించారన్న లెక్క తర్వాతి తరాల వేలమందికి ఆయుష్షు పోసింది. నయమైందని భావించి పరీక్షలకు వెళ్లడం మానేసే ప్రతి రోగీ తన ఆరోగ్యానికే కాక, తర్వాత రాబోయే రోగికి అందాల్సిన సమాచారానికీ దూరమవుతున్నారు. ఆసుపత్రి చీటీలు, పరీక్షల రిపోర్టులు, రేడియేషన్ మోతాదు కాగితాలు భద్రపరచుకోవడం, పిలిచిన తేదీకి వెళ్లడం రోగి చేతిలో ఉన్న పని.

ముఖ్య ఘట్టాలు

1911: టొరంటో సమీపంలో వీరా పీటర్స్ జననం.
1934: టొరంటో విశ్వవిద్యాలయం నుంచి వైద్యపట్టా.
1950: హాడ్జికిన్ రోగుల మనుగడపై వ్యాసం, మూడు దశల విభజన.
1958: మిడిల్‌మిస్‌తో కలిసి రెండో వ్యాసం.
1967: గడ్డ తొలగింపు, రేడియేషన్‌పై అమెరికా వైద్య సంఘం పత్రికలో వ్యాసం.
1975: సరిపోలిన రోగులతో పోల్చిన రొమ్ము కేన్సర్ ఫలితాల ప్రచురణ.
1976: ప్రిన్సెస్ మార్గరెట్ ఆసుపత్రి నుంచి పదవీ విరమణ.
1979: అమెరికా రేడియేషన్ వైద్య నిపుణుల సంఘం స్వర్ణ పతకం.
1993: కన్నుమూత.
2002: మిలాన్, అమెరికా ప్రయోగాల 20 ఏళ్ల ఫలితాల వెల్లడి.
2010: కెనడా వైద్య ప్రముఖుల జాబితాలో చోటు.